కొర్రమీను సాక్ష్యం: సాగర్ ఎడమ కాలువ కింద ఒక చేపల చెరువు కేసు

ఫోను మోగింది తెల్లవారుజామున నాలుగున్నరకు. "సార్, చేపలన్నీ తల తేల్చాయి. ఎవరో మందు కలిపారు" అన్నాడు రైతు. ఆ రెండు మాటల్లో మొదటిది నిజం. రెండోది నిజం కాదని తేల్చడానికి నాకు ఒక ఉదయం పట్టింది. ఆయన నమ్మడానికి ఏడాది పట్టింది, పూర్తిగా నమ్మాడని ఇప్పటికీ చెప్పలేను.

చేపల చెరువుల్లో నీటి పరీక్షలు చేయడం, జబ్బులకు సలహాలు ఇవ్వడం నా పని. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో తిరుగుతాను. ఏటా వానాకాలంలో ఇలాంటి ఫోన్లు నాలుగైదు వస్తాయి. వాటిలో ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. చేపలు ఎందుకు చచ్చాయో ఇందులో స్పష్టంగా తేలింది. నష్టపోయిన రైతు చేతికి ఎందుకు ఏమీ రాలేదో కూడా అంతే స్పష్టంగా తేలింది. ఈ రెండింటి వేరు ఒకటే.

చెరువు మిర్యాలగూడ, హాలియా మధ్య సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉంది. ఒకప్పటి వరి మడుల్ని తవ్వి చేసిన ఐదెకరాలు, సగటున ఐదడుగుల నీళ్లు. 2023 నవంబరులో నూరు, నూట యాభై గ్రాముల పిల్ల పన్నెండు వేలు వేశాడు. ఎక్కువ భాగం రోహు, పదిహేను వందల దాకా బొచ్చె, మిగిలినవి మృగాల. మేత నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క. మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని ఈ చుట్టుపక్కల తవుడుకు కొరత ఉండదు. బస్తాలకు చిల్లులు పొడిచి కర్రలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తే చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. కోస్తా చెరువుల పద్ధతే ఇది. సంఘటన జరిగే నాటికి రోజుకు రెండు వందల కిలోల మేత పడుతోంది. చెరువులో తొమ్మిదిన్నర టన్నుల చేప ఉందని నా అంచనా.

అంత చేప ఉండకూడదు. ఆగస్టులోనే కిలో దాటిన బొచ్చెను తీసేసి చెరువును పలచన చేయమని చెప్పాను. రైతుకూ ఆ సంగతి తెలుసు. కానీ పట్టుబడి ఎప్పుడు చేయాలన్నది ఆయన చేతుల్లో లేదు. పిల్లకు, మేతకు డబ్బు ఇచ్చింది చేపల వ్యాపారి, కాబట్టి వల ఎప్పుడు వేయాలో కూడా ఆయనే చెప్పాలి. ధర కాస్త పెరగనీ అంటూ వ్యాపారి రెండుసార్లు వాయిదా వేశాడు. ఆ మూడు వారాల్లో చేప పెరిగింది, చేపతో పాటు మేత పెరిగింది, మేతతో పాటు నీళ్లలో పచ్చదనం పెరిగింది.

సంఘటన 2024 సెప్టెంబరు రెండో వారంలో జరిగింది. ఆ నెల మొదటి రోజుల్లో ఖమ్మం, సూర్యాపేట జిల్లాలను ముంచిన వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. నడిగూడెం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. మా రైతు చెరువుకు వరద రాలేదు, గట్టు చెక్కుచెదరలేదు. ఆకాశం మాత్రం మబ్బు పట్టి ఉంది. వరుసగా నాలుగు రోజులు సరైన ఎండ లేదు. అంతకు మూడు రోజుల ముందే రెండు ట్రాక్టర్ల కోళ్ల ఎరువు చెరువులో పడింది. నన్ను అడిగి ఉంటే ఆ మబ్బులో వద్దనేవాణ్ణి.

ముందురోజు సాయంత్రమే రెండు సూచనలు కనిపించాయని తర్వాత మాటల్లో తెలిసింది. పొద్దున కట్టిన మేత బస్తాలు చీకటి పడేసరికి సగం కూడా ఖాళీ కాలేదు. నీళ్ల రంగు ఆకుపచ్చ నుంచి టీ డికాక్షన్ రంగులోకి తిరిగింది. కాపలా ఉండే పెద్దాయన ఈ రెండూ చూశాడు. "బస్తాలు తినలేదయ్యా" అని చెప్పాడు కూడా. రైతు వానకు చేప మెతకబడిందనుకున్నాడు.

రాత్రి ఒంటిగంట ప్రాంతంలో కరెంటు పోయింది. నీళ్లలోకి గాలి కలిపే రెండు ఏరేటర్లు ఆగాయి. జనరేటరు ఉంది, డీజిల్ ఉంది, బ్యాటరీ చచ్చిపోయి ఉంది. దాన్ని చివరిసారి ఎప్పుడు తిప్పారో ఎవరికీ గుర్తు లేదు. కాపలాదారుకు మెలకువ వచ్చి గట్టెక్కేసరికి చెరువంతా వాన చినుకులు పడుతున్నట్టు చప్పుడు. వాన లేదు. అది వేల చేపలు నోళ్లు పైకి పెట్టి నీటి పొరను చప్పరిస్తున్న చప్పుడు. ఒకసారి విన్నవాళ్లు దాన్ని మరచిపోరు.

ఫోనులో చెప్పగలిగింది చెప్పాను: వల దింపవద్దు, నీళ్లలోకి ఎవరూ దిగవద్దు, అడుగు బురద కదలకూడదు. పొలానికి వాడే ఆయిల్ ఇంజను తెచ్చి చెరువు నీటినే ఎత్తి ఒక మూలన చిమ్మమన్నాను. కాలువ నీళ్లు పెట్టుకునే దారి లేదు, గండితో కాలువ ఆగి ఉంది. బోరు నీళ్లు వదిలితే మంచిదే అనిపిస్తుంది గానీ బోరు నుంచి నేరుగా వచ్చే నీళ్లలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. పలకల మీదుగా పారించి వదలాలి.

నేను వెళ్లేసరికి ఆరూ నలభై. నీళ్లలో ప్రాణవాయువు కొలిచే మీటరు దించాను. చెరువు నడుమ లీటరుకు 0.8 మిల్లీగ్రాములు, ఇంజను నీళ్లు చిమ్ముతున్న మూలన 2.6. ముప్పై డిగ్రీల నీరు ఎంత బాగా గాలి పట్టినా పట్టుకోగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. మన చేపలకు ఐదు ఉంటే సుఖం, మూడు కంటే తగ్గితే ఇబ్బంది, ఒకటి దగ్గరికి వస్తే నోరు పైకి.

అప్పటికే రైతు పోలీసు స్టేషనుకు బయలుదేరాడు. పక్క చెరువు ఆయనకు వరసకు అన్న కొడుకుదే, తూము నీళ్ల దగ్గర ఎండాకాలంలో గొడవ జరిగింది. "వాడే చేశాడు, ఇంకెవరికి అవసరం" అంటున్నాడు. "అన్నా, గంట ఆగు. చూసి వెళ్దువు" అని ఆపి గట్టు వెంట నడిపించాను.

గట్టున తేలిన వాటిలో బొచ్చె, పెద్ద రోహు ఎక్కువ. చిన్న రోహు తక్కువ. ఒడ్డున గడ్డి మొదట్లో చిన్న పరక చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. విషమైతే ముందు పోయేవి చిన్నవి, గాలి చాలకపోతే ముందు పోయేవి పెద్దవి. చచ్చిన చేపల నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, మొప్పల తలుపులు విచ్చుకుని ఉన్నాయి. సన్న గుడ్డ వలతో నీళ్లు వడకట్టి గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పెట్టాను. నీటి పురుగులు చుక్కల్లా ఎగురుతూనే ఉన్నాయి. పొలాల్లో కొట్టే పురుగుమందు చెరువులో పడితే చేప కంటే ముందు పోయేవి అవే.

అసలు సాక్షి కాసేపటికి కనిపించింది. తూము పక్క రాళ్ల దగ్గర ఒక కొర్రమీను మెల్లగా పైకి వచ్చి, ఒక గుటక గాలి మింగి, కిందికి పోయింది. కొద్ది నిమిషాలకు ఇంకొకటి. ఎవరూ వేయని కొర్రమీనులు, కాలువ నీళ్లతో వచ్చి ఉంటాయి. కొర్రమీనుకు మొప్పలకు తోడు తలలో గాలి పీల్చే అర ఉంటుంది. నీళ్లలో ప్రాణవాయువు లేకపోయినా బతుకుతుంది. విషంలో మాత్రం బతకదు. "చూడన్నా, మందు కలిపి ఉంటే ఇది కూడా వెల్లకిలా తేలేది" అన్నాను. ఆయన చాలాసేపు చూశాడు. పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. మన రాష్ట్ర చేప కొర్రమీను. ఆ రోజు అది రెండు కుటుంబాల మధ్య కోర్టు కేసును ఆపింది. అయినా నీళ్లు రెండు సీసాల్లో, నాలుగు చేపలు ఒక మంచు పెట్టెలో భద్రపరిచాను. అనుమానం మళ్లీ లేస్తే పరీక్షకు పంపడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఇక లెక్క చెప్తాను, ఇది చాలామంది రైతులు తలకిందులుగా అనుకునే విషయం. ఈ చెరువులో మూడు కోట్ల లీటర్ల నీరు ఉంది. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము అంటే చెరువు మొత్తానికి ముప్పై కిలోల ప్రాణవాయువు. రాత్రి గంటకు తొమ్మిదిన్నర టన్నుల చేప పీల్చేది రెండు, రెండున్నర కిలోలు. పచ్చని నాచు, అడుగు బురద కలిసి పీల్చేది దానికి ఐదారింతలు. పగలు ఎండలో ప్రాణవాయువు ఇచ్చేది ఆ నాచే, రాత్రి దాన్ని తినేదీ అదే. మబ్బు రోజుల్లో ఇచ్చేది తగ్గుతుంది, తినేది తగ్గదు. నాలుగో రోజు నాచు చావడం మొదలైంది, టీ రంగు అంటే అదే. చచ్చిన నాచు కుళ్లడానికి మరింత ప్రాణవాయువు కావాలి. కోళ్ల ఎరువు ఆ ఖాతాలో అదనం.

రెండు ఏరేటర్లు నడిచినా గంటకు నాలుగు కిలోలకు మించి ఇచ్చేవి కావు. చెరువును అవి కాపాడలేవు, ఒక మూలను మాత్రం కాపాడగలవు. అందుకే ఆపద రాత్రి ఏరేటర్లను చెరువు రెండు చివర్లలో కాకుండా ఒకేచోట పక్కపక్కన పెట్టాలి. చేపలు వెతుక్కుంటూ అక్కడికే వస్తాయి. ఇక్కడ ఒకటి తూర్పు గట్టున, ఒకటి పడమటి గట్టున ఉన్నాయి.

ఆ పొద్దున రైతు మందుల దుకాణం తలుపు కొట్టించి ఆక్సిజన్ గుళికలు పది కిలోలు తెప్పించాడు. అవి సోడియం పెర్కార్బనేటు. బరువులో ఎనిమిదో వంతు మాత్రమే ప్రాణవాయువుగా విడుదలవుతుంది. అంటే పది కిలోల డబ్బాలో ఉన్నది కిలోంపావు. చెరువును ఒక్క మిల్లీగ్రాము పెంచడానికి ముప్పై కిలోలు కావాలని పైన చెప్పాను. అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు. చేపలు గుంపుకట్టిన మూలన చల్లితే కొంత ఉపయోగం ఉంటుంది. ఆయన పడవెక్కి ఐదెకరాలకూ చల్లించాడు.

మధ్యాహ్నానికి చావులు ఆగాయి. అప్పుడే చచ్చి, మొప్పలు ఎర్రగా ఉన్న చేప పదమూడు వందల కిలోలు మంచులో పెట్టి కిలో నలభై ఐదుకు అమ్మాం. మిగిలినవి ట్రేలకు ఎత్తితే నూట నలభై ఐదు ట్రేలు, ట్రేకు నలభై కిలోల లెక్కన ఐదు టన్నుల ఎనిమిది వందలు. గుంత తీసి సున్నం చల్లి పూడ్చాం. వాటిలో కొన్నింటిని ఎండబెట్టి అమ్ముదామని ఒకరు బేరానికి వచ్చారు. నేను ఒప్పుకోలేదు, ఎండలో నాలుగు గంటలు ఉబ్బిన చేప అది. తర్వాత వల వేస్తే పంతొమ్మిది వందల కిలోలు మిగిలాయి. కిలో నూరు రూపాయల లెక్కన చూసి, అమ్మగా వచ్చింది తీసేస్తే ఒక్క రాత్రిలో పోయింది దాదాపు ఆరున్నర లక్షలు.

మునిగిన శవాలు కుళ్లి అమ్మోనియా పెరగడంతో మరో మూడు రోజులు భయపడ్డాం. చెరువులో సున్నం చల్లమని ఎవరో సలహా ఇచ్చారు, ఆపాను. సున్నంతో నీటి పీహెచ్, అంటే క్షారగుణం, పెరుగుతుంది. పీహెచ్ ఎనిమిది దగ్గర అమ్మోనియాలో విషరూపం నూటికి ఏడెనిమిది పాళ్లే, తొమ్మిది దగ్గర నలభై దాటుతుంది. శవాలు ఏరించి, మేత ఐదు రోజులు పూర్తిగా ఆపితే అదే సర్దుకుంది.

సర్కారు సాయం సంగతి

"వరదలకు సాయం ప్రకటించారు కదా సార్, మనకు రాదా?" ఇది రైతు మూడో రోజు ప్రశ్న. అప్పటి నుంచి నెల రోజులు కాగితాలతోనే గడిచింది. నాకు తెలిసినంతవరకు ఒక్కొక్కటీ తిరగేసి చూశాం.

విపత్తు నిధి సాయం వరద, తుఫాను, కరవు లాంటి గుర్తించిన విపత్తులకే వర్తిస్తుంది. 2022 నుంచి 2026 వరకు అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం చేపల చెరువుల పూడిక తీతకు, మరమ్మతుకు హెక్టారుకు 18,000 రూపాయలు, చేప పిల్లల క్షేత్రాలకు పెట్టుబడి రాయితీగా హెక్టారుకు 10,000. గట్టు తెగితే గట్టు ఖర్చులో కొంత వస్తుంది, గట్టు లోపల పెరిగిన టన్నుల చేపకు లెక్క లేదు. మా రైతుకు గట్టు కూడా తెగలేదు.

రాష్ట్రం 2016-17 నుంచి పంచుతున్న ఉచిత చేప పిల్లలు ఊరి చెరువులకు, జలాశయాలకు, మత్స్య సహకార సంఘాలకు. సొంత భూమిలో తవ్విన చెరువు ఆ పథకం కిందికి రాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో రాయితీ యూనిట్ ఖర్చులో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం. మంచి పథకమే. కానీ అది చెరువు తవ్వడానికి, సామగ్రి పెట్టుకోవడానికి. పోయిన చేపకు కాదు.

మిగిలింది బీమా. ఇక్కడ నాకు కోపం వస్తుంది, కొంత నా మీద కూడా. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజనలో చేపల చెరువు బీమా ప్రీమియంలో 40 శాతం ప్రోత్సాహకంగా తిరిగి ఇస్తారు. నాలుగు హెక్టార్ల లోపు చెరువులకు, హెక్టారుకు 25,000కు మించకుండా, రైతుకు మొత్తం లక్షకు మించకుండా. దాని కోసం పేరు నమోదు చేసుకోవాల్సిన జాతీయ మత్స్య డిజిటల్ వేదిక మొదలైంది సరిగ్గా ఆ సెప్టెంబరులోనే. మా చేపలు దానికోసం ఆగలేదు. కానీ ఆ వేదిక ఒక ఏడాది ముందు వచ్చి ఉన్నా ఈయనకు బీమా దొరికేది కాదు. పొలం పాసుపుస్తకంలో ఆ ఐదెకరాలు ఇప్పటికీ వరి భూమి. చెరువు నమోదు లేదు. పిల్ల కొన్న రసీదు వ్యాపారి పేరు మీద ఉంది. మేత బిల్లులు లేవు, వ్యాపారి ఖాతా పుస్తకంలో మొత్తాలు మాత్రం ఉన్నాయి. ఎన్ని పిల్లలు వేశారు, నెలనెలా ఎంత బరువు వచ్చింది అన్న పుస్తకం లేదు. ఆ నమూనా బరువులు నేనే తూచి చెప్పేవాణ్ణి, రాసి ఇవ్వలేదు. అది నా తప్పు.

కిసాన్ క్రెడిట్ కార్డు చేపల రైతులకు 2018-19 నుంచి ఇస్తున్నారు. ఏడు శాతం వడ్డీ, సకాలంలో కడితే నాలుగు. ఈయన బ్యాంకుకు ఒకసారి వెళ్లాడు, చెరువు నమోదు పత్రం అడిగారు, తిరిగి వచ్చి వ్యాపారి దగ్గర తీసుకున్నాడు. వ్యాపారి పత్రాలు అడగడు. బదులుగా వల వేసే తేదీ తీసుకుంటాడు. ఆగస్టులో చెరువు పలచన కాకపోవడానికి, సెప్టెంబరులో చేతికి ఏమీ రాకపోవడానికి మూలం ఆ ఒక్క నమోదు పత్రమే.

నష్టాన్ని నమోదు చేయించడంలోనూ ఆలస్యం చేశాం. అధికారి వచ్చింది మూడో రోజు. అప్పటికి గుంత పూడ్చేశాం, నీళ్లు తేటగా ఉన్నాయి. ట్రేల ఫొటోలు రైతు కొడుకు ఫోనులో ఉండబట్టి కనీసం ఒక నివేదికైనా తయారైంది. ఇప్పుడు నేను వెళ్లే ప్రతి చెరువు దగ్గర చావు కనిపించిన గంటలోపు పంచాయతీ కార్యదర్శికి, మత్స్యశాఖకు రాతపూర్వకంగా తెలపమంటాను. ట్రేలు తూకం మీద ఉండగా ఫొటోలు తీయిస్తాను, పూడ్చే ముందు ఇద్దరి సంతకాలు పెట్టిస్తాను. శవాలు కంపు కొడుతుంటే ఇవన్నీ చేయమనడం కష్టమే.

తర్వాతి పంట

పిల్ల తొమ్మిది వేలకు తగ్గించాం. చెరువును నమోదు చేయించడానికి నాలుగు నెలలు పట్టింది, బ్యాంకు కార్డు ఆ తర్వాత వచ్చింది. వ్యాపారి బాకీ సగం తీరింది. నాలుగు ఏరేటర్లు ఒకే మూలన పెట్టించాం, జనరేటరు ప్రతి శనివారం పది నిమిషాలు తిప్పాలి. అరచేయి నీళ్లలో ముంచితే మోచేయి దాకా వెళ్లే లోపే వేళ్లు కనిపించకుండా పోతే ఎరువు బంద్, మేత సగం.

మీటరుతో చేసే చిన్న లెక్క ఒకటి నేర్పాను. రాత్రి ఏడుకు ఒకసారి, పదికి ఒకసారి కొలవాలి. ఏడుకు 6.8 ఉండి పదికి 5.0 అయితే మూడు గంటల్లో 1.8 తగ్గింది, గంటకు 0.6. తెల్లవారి ఐదుకు ఇంకా ఏడు గంటలు ఉంది, అంటే 4.2 తగ్గుతుంది, మిగిలేది 0.8. అంటే ఏరేటర్లు రాత్రి పదకొండుకే వేయాలి, ఐదుకు కాదు. కాపలా పెద్దాయన చదువుకోలేదు గానీ ఈ తీసివేతలు ఇప్పుడు వేళ్ల మీద చేస్తాడు. తర్వాతి వానాకాలంలో ఒక మబ్బు రాత్రి ఆయన లెక్కలో తెల్లవారికి ఒకటిన్నర వచ్చింది. నాకు ఫోను చేయకుండానే ఏరేటర్లు వేశాడు. ఆ పొద్దున తేలినవి ముప్పై ఎనిమిది బొచ్చెలు.

ఆ మీటరు కొనిపించడానికి నాకు రెండు నెలలు పట్టింది. దానికంటే ముందు రైతు కొన్నది సీసీ కెమెరా. తూము మీద, అన్న కొడుకు గట్టు వైపు తిప్పి పెట్టాడు. ఏడాదిగా అందులో మనిషి ఎవరూ కనిపించలేదు. కానీ రాత్రి దీపం వెలుగులో చేపలు నోరు పైకి పెడితే నీటి మీద లేచే సుడులు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. ఇప్పుడు ఆయన రాత్రి రెండింటికి మెలకువ వస్తే పడుకునే ఫోనులో చూసుకుంటాడు. కెమెరాను మాత్రం ఇంకా అన్న కొడుకు గట్టు వైపు నుంచి తిప్పలేదు.